కుడి పేజీ మీద గుడ్డ

"బడికి పోను అని ఒక్కనాడన్న అన్నదా అక్కా? అనలే. అంటే మంచిగుండు. కొట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, దాని అబ్బాకు ఫోన్ చేసి తిట్టించేదాన్ని. ఇది పోతది. తెల్లారంగనే లేస్తది, జడలేసుకుంటది, సంచి తగిలిచ్చుకుంటది, పోతది. పొద్దుగూకే వరకు వస్తది. ఇయ్యాల ఏం చెప్పిన్రే అంటే 'చెప్పిన్రు' అంటది. అదే, ఏం చెప్పిన్రు అంటే మల్ల 'చెప్పిన్రు' అంటది. ఇగ నేనేం అడగాలె?"

సయీదా నోరు కూతురి మీద ఉంది గానీ చేతులు ఆదివారం ఒక పెళ్లికి నేను వేసుకోవాల్సిన జాకెట్ గుడ్డ మీద ఉన్నాయి. మడతలు వేసి, అరిగిన సబ్బు ముక్కతో మెడకు వంపు గీస్తోంది. మాది ఆత్మకూరు. అక్కడ దర్జీలు లేక కాదు, చంక కింద పట్టేయని జాకెట్టు ఈమె తప్ప నాకెవరూ కుట్టలేదు. అందుకే బస్సెక్కి అమరచింత వస్తాను. మగ్గాల చప్పుడు వినిపించే సందులో, రేకుల వసారా కింద ఆమె మిషన్. పక్కన గోనెసంచి నిండా గుడ్డ పేలికలు. వాళ్లాయన హైదరాబాదులో టైల్స్ పనికి పోయాడు, పండగకో పబ్బానికో వస్తాడు. ఇంట్లో తల్లీ కూతుళ్లే. కూతురు ఇక్రా తొమ్మిదో తరగతి. నేను వచ్చేసరికి ఆ పిల్ల మ్యాచింగ్ దారం కోసం బజారుకు పోయింది.

"మరి నిన్న ఏమన్నది?" అని అడిగాను. నన్ను గుమ్మంలో చూడగానే 'నిన్న ఇది ఒక మాటన్నది అక్కా' అని మొదలుపెట్టి, ఎక్కడికో పోయింది మాట.

"నిన్ననా?" సబ్బు ముక్క పక్కన పెట్టింది. "రాత్రి అన్నం తినుకుంట 'అమ్మీ, నాకు మిషన్ నేర్పు' అన్నది. నేర్పుతగనీ, బడికి బడి, మిషన్‌కు మిషన్, ఆదివారం ఆదివారం కూసో అన్న. 'ఆదివారం కాదు. సోమారం సంది, రోజు' అన్నది. సోమారం ఏందక్కా? దసరా సెలవులైపోయి బడి తెరిచే రోజు. బడి బందు అనలే సూడు. మిషన్ నేర్పు అన్నది. గంత మెల్లగ అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? పప్పుల ఉప్పు ఎక్కువైందా అన్న. నోట్లకు గంతకన్న మాట రాలే."

ఆమె లేచి, కుండలోంచి నీళ్లు ముంచి నాకిచ్చింది. తాను తాగలేదు. నడుము మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడింది. మిషన్ తొక్కీ తొక్కీ ఆ నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. శ్రావణమాసం గిరాకీ అయ్యాక ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి దవాఖానకు పోయి సూది వేయించుకుంటుంది. ఈసారి దసరా అయినా పోలేదట.

"సోమారం పోతదా, పోదా? గదే నా పరేషాన్. మిగతాది ఏదైనా ఓర్చుకుంట. మిషన్ ఎక్కితే మాత్రం దిగది అక్కా. నేను దిగిన్నా?"

సయీదా మిషన్ ఎలా ఎక్కిందో నాకు కొంత తెలుసు. ఆ రోజు మొత్తం చెప్పింది. ఆమె పుట్టిల్లు తెలకపల్లి. తండ్రి సైకిల్ మీద గాజులమ్మేవాడు. ఐదో తరగతి దాకా ఉర్దూ బడి, ఇద్దరే పంతుళ్లు. ఆరో తరగతికి ఉర్దూ లేదు. తెలుగు హైస్కూల్లో వేశారు.

"తెలుగు రాదని కాదు. బజార్ల మాట్లాడేదాన్ని, గాజులమ్మేదాన్ని. గని బడి తెలుగు వేరే ఉంటది కదా. క్లాసుల కూసుంటే నీళ్ల కింద కూసున్నట్లుండె. పైన అందరు మాట్లాడుతున్నరు, నాకు గుడుగుడు అని ఇనొస్తుంది. అడిగితే నవ్వుతరని అడగలే. ఏం చెయ్యాలె పొద్దుందాక? పంతులమ్మ బోర్డు మీద రాస్తుంటే ఆమె ఈపు చూసేదాన్ని."

"ఈపా?"

"ఈపంటే జాకెట్. మెడ ఎంత దించింది, డాట్లు యాడ పట్టింది, చెయ్యి యాడ అతికింది. సోమారం ఒకటి, మంగళారం ఒకటి. పచ్చ జాకెట్‌కు ఎడమ చెయ్యి జర పైకి గుంజుతుండె, ఎవడో సక్కగ కుట్టలే. ఎట్ల కుట్టాల్సిండెనో అది గూడ ఆలోచన చేసిన. ఆ యేడు ఒడిసే వరకు జాకెట్ కుట్టడం వచ్చింది నాకు. ఒక్క అక్షరం రాలే." నవ్వింది. నేనూ నవ్వాను. "పరీక్షల అన్నీ సున్నాలే. మా అబ్బా కొట్టలే, తిట్టలే. 'సరే బేటా' అని మా మేనత్త ఫుప్పు దగ్గర మిషన్ మీద కూసోబెట్టిండు. గంతే. అప్పుడెక్కిన."

నవ్వు అయిపోయాక ముఖం ఇంకా అలిసిపోయినట్టు కనిపించింది.

ఇక్రాకు అలా కాకూడదని మొదటి నుంచీ జాగ్రత్త పడింది సయీదా. ఉర్దూ ఇంట్లో ఉండనే ఉంటుందని, ఒకటో తరగతి నుంచే తెలుగు బడిలో వేసింది. పిల్ల చురుకు. బస్సుల మీద బోర్డులు, మందు డబ్బాల మీద రాతలు, టీవీలో కింద పరుగెత్తే వార్తలు, ఏది కనబడితే అది గట్టిగా చదివేది. కుట్టించుకునేవాళ్లు రాసి జాకెట్లకు గుచ్చిన చీటీలు కూడా అదే చదివి చెప్పేది. 'అమ్మీ, జములమ్మ ఆంటీకి చేతులు పొడుగు, గుండీలు ముందర' అని. తల్లికి తెలుగు అచ్చు కూడబలుక్కోవడం కూడా రాదు. ఆ రోజుల్లో నేను వస్తే ఇక్రా నా చేతిసంచిలో ఏ పుస్తకముందో వెతికేది. ఈ మధ్య వెతకడం లేదు. పెద్దదవుతోంది కదా అనుకున్నాను.

ఆరో తరగతిలో బడి ఇంగ్లీషు మీడియం అయింది. పుస్తకాలు కొత్తవి వచ్చాయి. తెరిస్తే ఎడమ పక్క పేజీ ఇంగ్లీషు, కుడి పక్క పేజీ అదే పాఠం తెలుగులో. పిల్లలు ఒక్కసారిగా మునిగిపోకుండా చేసిన ఏర్పాటు. రెండు మూడేళ్లు ఎలాగో గడిచాయి. తొమ్మిదికి వచ్చేసరికి పాఠాలు బరువయ్యాయి, మార్కులు జారాయి. వానాకాలంలో బడిలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు.

"సార్ మంచోడే," అంది సయీదా. "మంచిగనే చెప్పిండు. 'పిల్లలు తెలుగు పేజీ సదివి ఊకుంటున్నరమ్మా. పరీక్ష ఇంగ్లీషుల ఉంటది. ఇంటికాడ జర మీరు చూడాలె' అన్నడు. అందరు తలకాయలూపిన్రు. నేనూ ఊపిన. ఇంటికొచ్చినంక కూసొని ఆలోచన చేసిన. నాకేమైంది? ఉర్దూ సగం, తెలుగు సగం. రెండు పడవల మీద కాళ్లు వెట్టి నీళ్లల పడ్డ. దీనికి గూడ గదే అయితుంది. ఒక పడవ తీసేస్తే ఇంకోదాంట్ల సక్కగ నిలవడతది కదా?"

"తీసేసుడు ఎట్ల?"

ఆమె నన్ను చూసింది. పనిమంతురాలు తన పనిని చూపించే ముందు చూసే చూపు అది.

"చింపొద్దు. చదువుల తల్లి, పాపం. గమ్ పెట్టి కాగితం అంటిస్తే అక్షరాలు ఖరాబైతయి. కుట్టు అయితే ఎప్పటికైనా విప్పొచ్చు. శ్రావణమాసం, వరలక్ష్మి వ్రతం గిరాకీ. లైనింగ్ ముక్కలు సంచి నిండున్నయి. కుడి పేజీ కొలత తీసుకొని కత్తిరిచ్చిన. పేజీకి ఒక ముక్క. నాలుగు దిక్కుల కుట్టు. మిషన్ మీద పెడితే కాగితం చినుగుతదని చేతితోనే కుట్టిన. సోషల్ పుస్తకం, బయాలజీ పుస్తకం. మనుషులు జాకెట్ల కోసం గుమ్మంల నిలవడి తిడుతున్నరు, నేను ఇది కుట్టుకుంట కూసున్న."

"అక్షరాలు రావు కదా నీకు, తెలుగు పేజీ ఏదో ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

"జిలేబీలున్నదంతా తెలుగు, పుల్లలున్నదంతా ఇంగ్లీషు. గంత తెల్వదా?"

అప్పుడే ఇక్రా వచ్చింది. దారం ఉండలు తల్లి ఒడిలో వేసి, "పెద్దమ్మా, ఎప్పుడొచ్చినవ్?" అని నా పక్కన కూర్చుంది. సన్నగా పొడుగ్గా అయింది. తల్లి మాటల్లో ఉన్న పిల్లకు, ఎదురుగా ఉన్న పిల్లకు పెద్ద తేడా లేదు. ఏదడిగినా జవాబు ఉంది, జవాబులో మనిషి లేదు.

"జర ఆ పుస్తకం తెచ్చి చూపియ్యి పెద్దమ్మకు," అంది సయీదా.

ఇక్రా కదల్లేదు. "ఎందుకు?"

"చూస్తదట."

లోపలికి పోయి తెచ్చింది. నా చేతికివ్వలేదు, చాప మీద పెట్టింది. సోషల్ పుస్తకం. అట్ట మూసుకోవడం లేదు, లోపల గుడ్డలతో పుస్తకం గర్భిణిలా ఉబ్బి ఉంది. తెరిచాను. ఎడమ పక్క ఇంగ్లీషు. కుడి పక్క ఎర్ర లైనింగ్. తిప్పితే మళ్లీ ఇంగ్లీషు, పక్కన ఆకుపచ్చ. తర్వాత నీలం, పసుపు, గంధం రంగు. శ్రావణమాసంలో అమరచింత ఆడవాళ్లు ఏయే రంగులు కట్టారో అన్నీ అందులో ఉన్నాయి. కుట్టు మాత్రం చూడాలి! ఒక్క అడ్డదిడ్డం లేదు. కుట్లు అదే కాగితం వెనకవైపు ఇంగ్లీషు పేజీ అంచుల మీద సన్నటి చీమల బారులా తేలాయి, ఒక్క అక్షరాన్ని కూడా తాకకుండా. ఎర్ర గుడ్డ వేసినచోట వానకు రంగు దిగి కాగితం గులాబీగా మారింది.

"మంచిగుందా?" అంది సయీదా. ఆ అడగడంలో గర్వం సగమే ఉంది.

"కుట్టు మంచిగుంది," అన్నాను. అది నిజమే.

ఇక్రా నా వైపు చూసి, తల దించుకుంది. ఎందుకు చదవవు, ఏం కావాలనుకుంటున్నావు వంటివి అడిగితే పిల్లలు మూసుకుపోతారని నాకు తెలుసు. నాకు తెలుసుకోవాలని ఉన్నది కూడా అది కాదు. ఇంత పొడుగు రోజు ఎలా గడుస్తుందా అన్నదే నా ఆశ్చర్యం.

"ఇక్రా, పొద్దున సంది సాయంత్రం దాక క్లాసుల కూసుంటవ్ కదా. ఏం చేస్తవ్ మరి?"

"ఏం చేస్త పెద్దమ్మా. కూసుంట."

"కూసొని?"

"సోషల్ మేడం చీరలు మంచిగ కడ్తది. కుచ్చిళ్లు చూస్త." మొదటిసారి కళ్లలో ప్రాణం వచ్చినట్టు చెప్పింది. "ఒక నెమలికంఠం జాకెట్ ఉంటది ఆమెకు. బోర్డు మీద రాస్తుంటే ఎనక మెడకాడ ముడత వస్తది. భుజం కొలత ఎక్కువ తీసిన్రు. తక్కువ తీసుంటే ముడత రాకుండు. అది చూసుకుంట కూసుంట. అమ్మీ, భుజమే కదా అది?"

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

నా జాకెట్ గుడ్డ మీద కత్తెర సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇక్రా తల్లి వైపూ నా వైపూ చూసింది. తానేం తప్పు మాట్లాడిందో ఆ పిల్లకు తెలియదు. తల్లి తన ఆరో తరగతి సంగతి చెప్పినప్పుడు ఇక్రా బజారులో ఉంది కదా, వినలేదు.

"ఎప్పటి సంది?" అంది సయీదా.

"ఏంది ఎప్పటి సంది?"

"జాకెట్లు చూసుడు."

ఇక్రా పుస్తకం అట్టను వేలితో నొక్కింది. వదిలితే మళ్లీ లేచింది. "ఇది కుట్టినంక."

"అంతకుముందు ఏం చేస్తుంటివి?"

"అంతకుముందు మేడం ఇంగ్లీషుల చెప్తుంటే నేను కుడి పేజీ చూసేదాన్ని. చెవుల ఒకటి, కంట్ల ఒకటి. రెండు కలిసేటివి. ఒక్కోమాట పట్టుబడేది. తర్వాత ఎడమ పేజీ సదివితే జర జర తెలిసేది. మెల్లగనే, గని తెలిసేది." పుస్తకం మూల వేలితో చూపించింది. "కుట్టినంక గూడ కొన్ని దినాలు మూలకు కుట్టు విప్పి, ఏలు పెట్టి లేపి చూసిన. అక్షరం అక్షరం కనపడతది. అట్ల ఎంతసేపు చూస్త? మేడం ముందుకు పోయింది. ఇగ ఇడిసిపెట్టిన."

"మేడం అడగలేదా పుస్తకమేందని?"

"అడిగింది. నేను చెప్పలే. పిల్లలు చెప్పిన్రు." ముఖం అటు తిప్పుకుంది. "'ఇక్రా వాళ్ల అమ్మీ పుస్తకానికి జాకెట్ కుట్టింది మేడం' అన్నరు. అందరు నవ్విన్రు. 'ఏందే, చేతులు పెట్టలేదా మీ అమ్మీ' అంటరు. అఖిల అయితే 'మ్యాచింగ్ లంగ యాడుందే' అన్నది. అప్పటి సంది పుస్తకం తియ్యను. సంచిల్నే ఉంటది."

అంత దిగులులోనూ అఖిల మాటకు నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. సయీదాకు రాలేదు.

"నాకెందుకు చెప్పలే?" గొంతు పెద్దది చేసింది. "నోరు లేదా నీకు? అమ్మీ, ఇది విప్పు అని ఒక్క మాట అంటే ఏం పోయె?"

ఇక్రా మెల్లగా, రాత్రి మిషన్ నేర్పమని అడిగినప్పుడు ఎంత మెల్లగా అని ఉంటుందో అంత మెల్లగా అంది.

"మనుషులు గుమ్మంల నిలవడి తిడుతుంటే జాకెట్లు ఇడిసిపెట్టి ఇది కుట్టినవ్ కదా అమ్మీ. ఎట్ల చెప్పాలె?"

సయీదా కత్తెర పక్కన పెట్టి, మిషన్ సొరుగులోంచి సగం బ్లేడు తీసింది. పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. మొదటి ఎర్ర ముక్క అంచున బ్లేడు దూర్చి, కుట్టు కుట్టుగా తెంపుతూ పోయింది. జాకెట్టు విప్పేటప్పుడు సర్రున లాగేస్తుంది ఆమె. దీన్ని అలా లాగలేకపోయింది. గుడ్డ లేచింది. కింద తెలుగు. అంచుల పొడుగునా సూది రంధ్రాలు, గులాబీ మరక. రెండో ముక్క విప్పుతుంటే రంధ్రాల వెంబడి కాగితం చినిగి, సగం పేజీ చేతిలోకి వచ్చింది. గట్టిగా కుట్టింది కదా. కచ్చా కుట్టు వేసుంటే సరిపోయేది, పక్కా కుట్టు వేసింది.

"ఇంకా చినుగుతది అమ్మీ, ఇడిసిపెట్టు," అంది ఇక్రా.

"సోమారం పోతవా మరి?"

"ఏమో."

"ఏమో ఏంది?"

"గుడ్డ తీస్తే ఒడుస్తదా? పాఠాలు మస్తు అయిపోయినయి. యాడికెల్లి అందుకోవాలె నేను?" కోపం లేదు ఆ మాటలో. పదిహేనేళ్లయినా నిండని పిల్ల, రోజంతా మిషన్ తొక్కి లేచినదానిలా అంది. "పోయినా గదే కూసుండుడు. ఈడ కూసుంటే హుక్కులన్నా కుట్టొచ్చు."

సయీదా చినిగిన కాగితాన్ని పేజీ దగ్గర పెట్టి చూసింది, గుడ్డ అతుకు సరిపోతుందో లేదో చూసినట్టు. సరిపోలేదు. ఆమె ఇక్రాను తిట్టలేదు, బతిమాలలేదు. ఒకప్పుడు తండ్రి అన్నట్టు 'సరే బేటా' అనీ అనలేదు. పెదవులు ఒకసారి కదిలాయి, ఆ మాటే వచ్చి ఆగిందేమో అనుకున్నాను.

"లోపలికి పోయి చాయ్ పెట్టు," అంది కూతురితో. ఇక్రా లేచి పోయింది.

సయీదా విప్పిన పేజీని నా వైపు తిప్పింది. "ఏముంది అక్కా ఈడ? సదువు జర."

చదివాను. భూమి పొరల గురించి. పైన పెంకు, కింద ఇంకో పొర, అన్నిటికీ లోపల మండే గర్భం. విన్నది. "గింత సక్కగ ఉన్నదా?" అంది. నేను చదువుతున్నంతసేపూ లోపల గిన్నెల చప్పుడు ఆగినట్టు నాకనిపించింది. నిజంగా ఆగిందో లేదో చెప్పలేను.

చాయ్ తాగాను. పొద్దు వాలింది. సంచి తీసుకుని లేస్తే, సయీదా సందు చివరి దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు.

"అక్కా, ఆత్మకూరుల నీకు నాలుగిండ్లు తెలుసు కదా. నిరుడు తొమ్మిది సదివి పదిలకు పోయిన పిల్ల యాడన్న ఉంటే పుస్తకాలడుగు. సోషల్‌ది, బయాలజీది. పాతదైనా సరే. అట్ట లేకున్నా సరే, గీతలు గీసినా సరే. కుడి పేజీ మీద ఏం లేకుంటే చాలు. ఈడ అడగలేను, ఈడ అందరికి జాకెట్ సంగతి తెలుసు, మల్ల నవ్వుతరు. దానికి చెప్పకు నేను అడిగిన్నని. సోమారం లోపల దొరికితే, నువ్వే తెచ్చియ్యి, వచ్చినప్పుడు ఆ భూమిది జర దాని పక్కకు కూసొని సదువు. సదవమనకు. నువ్వు సదువు. అది ఇంటది."

"పోతదంటవా సోమారం?"

"నాకేం తెలుసు అక్కా."

"మరి నా జాకెట్? పెండ్లి ఆదివారమే, మర్చిపోయినవా?"

"మర్చిపోలే." వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, మళ్లీ నిలబడింది. "పుస్తకాలు తే, జాకెట్ తీస్కపో. లేకుంటే పాతది ఏసుకొని పో పెండ్లికి. పో, బస్సు ఒస్తది."